ఎవరూ నొక్కని ఎర్ర బటన్

2017 డిసెంబర్ రెండో వారంలో నన్ను జడ్చర్ల వైపు నుంచి కట్టంగూర్ దగ్గరలోని ఒక సెక్షన్ ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా మారలేదు, అసిస్టెంట్ ఇంజనీరే. పదవీ విరమణకు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. విద్యుత్ శాఖలో ఆ చివరి నెలలు ఎలా గడపాలో మా సీనియర్లు చెప్పే సూత్రం ఒక్కటే: కొత్త పని ముట్టుకోవద్దు, పాత పని కదిలించవద్దు. ఆ సూత్రాన్ని శ్రద్ధగా పాటిద్దామనే వెళ్లాను.

బయటివాళ్లకు మేమందరం కరెంటోళ్లమే కాబట్టి వరుస ఒకసారి చెబుతాను. స్తంభం ఎక్కేవాడు లైన్‌మన్. అతని పైన లైన్ ఇన్‌స్పెక్టర్. ఆ పైన సెక్షన్ మొత్తానికి ఏఈ, అంటే నేను. నా పైన నాలుగైదు సెక్షన్లకు కలిపి ఒక ఏడీఈ. పైనుంచి వచ్చే ఉత్తర్వు దిగుతూ దిగుతూ లైన్‌మన్ దగ్గర ఆగుతుంది. కిందినుంచి వచ్చే తిట్టు ఎక్కుతూ ఎక్కుతూ ఏఈ దగ్గర ఆగుతుంది. అంతకు మించి ఈ కథకు అవసరమైన హోదాలు లేవు.

జడ్చర్లలో నా పని ఫ్యాక్టరీల లైన్లు చూడటం. అక్కడ కరెంటు ఒక్క నిమిషం పోతే మేనేజర్లు మూడుసార్లు ఫోన్ చేసేవారు. ఇక్కడ పొలాల లైన్లు. రైతు ఫోన్ చేయడు. గట్టు మీద నిలబడి మా శాఖ పుట్టుకను, నా పుట్టుకను కలిపి గాలికి తిడతాడు. ఆ గాలి ఆఫీసు దాకా రాదు కాబట్టి నాకు హాయిగానే అనిపించింది.

ఆ హాయి రెండు వారాలు ఉంది. కొత్త సంవత్సరం నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఇవ్వాలని నిర్ణయమైంది. దానితోపాటు మాకు ఇంకో ఉత్తర్వు వచ్చింది: బోరు మోటార్లకు ఉన్న ఆటోస్టార్టర్లన్నీ తీయించాలి.

ఆటోస్టార్టర్ అంటే సద్దిగిన్నె అంత డబ్బా. అంతకుముందు పొలాలకు కరెంటు విడతలు విడతలుగా వచ్చేది. ఎప్పుడు వస్తుందో మాకే సరిగ్గా తెలిసేది కాదు, రైతుకేం తెలుస్తుంది? అందుకని ఈ డబ్బా బిగించుకునేవారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలయ్యేది, రైతు ఇంట్లో నిశ్చింతగా నిద్రపోయేవాడు. ఇక ఎప్పుడూ కరెంటు ఉంటుంది కనుక ఆ డబ్బా ఉంటే మోటారు రాత్రింబవళ్లు తిరుగుతుంది, భూమిలో నీరు అడుగంటుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. ఉత్తర్వులోని తర్కం ఇది. చదివినప్పుడు నాకు ఎక్కడా లోపం కనబడలేదు.

నేను మొదట ఎంచుకున్న ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్లు ఏమీ అనరు, పక్క ఊరివాళ్లు మా సంగతి ఎందుకు రాయలేదని అలుగుతారు. ఊళ్లో ఎవరిని అడిగినా తమ బోరుకు డబ్బా లేదనే చెప్పారు. సర్పంచ్ అయితే ఆ మాట తాను మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టాడు. మా లైన్ ఇన్‌స్పెక్టర్ రాములు ఇలాంటివి చాలా చూసినవాడు. "మనిషినెందుకు అడుగుడు సార్, మోటర్‌నే అడుగుదం" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న స్విచ్ దించి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ ఎత్తాడు. ఎవరూ వెళ్లి బటన్ నొక్కకుండా ఏ మోటారు మొదలైతే దానికి డబ్బా ఉన్నట్టు. అందరికంటే ముందు మోగింది సర్పంచ్ మోటారు. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

వారం రోజులు ఇదే పని. ఒకాయన డబ్బాను కోళ్ల గూట్లో పెట్టి పైన పొదిగే కోడిని కూర్చోబెట్టాడు. ఇంకొకాయన దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి సామానును ముట్టుకుంటారా అని మమ్మల్ని బెదిరించాడు. రాములు దండం పెట్టుకుని మరీ పీకాడు. చివరకు గోనెసంచులు నిండాయి. ఊరి మొదట్లో "ఆటోస్టార్టర్లు లేని గ్రామం" అని బోర్డు పెట్టాం. ఏడీఈ వచ్చి ఫోటో దిగి, నాకు శాలువా కప్పి, మిగతా సెక్షన్లు నన్ను చూసి నేర్చుకోవాలన్నారు. ఆ శాలువా నేను చాలా రోజులు ఆఫీసు కుర్చీకి వేసి ఉంచాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఉంచాను.

ఫిబ్రవరి మొదట్లో ఒకామె ఆఫీసుకు వచ్చింది. పేరు యాదమ్మ. భర్త హైవే మీద ఆటో నడుపుతాడు, సేద్యమంతా ఆమెదే. వాగు పక్కన రెండెకరాల బత్తాయి తోట, దానికి ఒకే బోరు. పన్నెండేళ్ల కింద మొక్కలు పెట్టినప్పుడు బోరు లేక బిందెలతో మోసి పెంచిన తోట అది. చెట్లు అప్పుడే పూత దిగి పిందె పడుతున్నాయట.

"నా బోరు గాలి గుంజుతాంది సారూ. మీరు డబ్బలైతే పీకిండ్రు గని, మోటర్లు యాడ ఆగినయ్? మా మరిది సత్తయ్యవి మూడు మోటర్లు, పొద్దుమాపు నడుస్తనే ఉన్నయ్."

అలా జరగడానికి వీల్లేదని, డబ్బాలన్నీ తీసేశామని నేను ఆమెకు వివరించబోయాను. గోనెసంచులు కూడా చూపించాను. ఆమె సంచుల వైపు ఒకసారి, శాలువా వైపు ఒకసారి చూసి, "ఒక్కసారి మీరే వచ్చి చూడుండ్రి" అని లేచింది. వాకిట్లో ఆగి ఇంకో మాట అంది. "వరి ఎండితే మల్ల కార్తెకు ఏసుకుంటరు. చెట్టు ఎండితే నేను పన్నెండేండ్లు మల్ల యాడికెల్లి తేవాలె?"

మరునాడు వెళ్లాను. సత్తయ్య యాసంగి వరి మడులు నిండి, గట్లు పొర్లి, నీళ్లు బండ్లబాట వెంట ఊరివైపు పోతున్నాయి. బాటలో రెండు బర్రెలు హాయిగా పడుకుని ఉన్నాయి. మూడు మోటార్లూ తిరుగుతున్నాయి, దగ్గర మనిషి లేడు. ఎక్కడో బొగ్గు కాల్చి తీసిన కరెంటు ఇక్కడ బర్రెలకు స్నానం చేయిస్తోంది. సత్తయ్యను పిలిపించి, మడి నిండాక మోటారు ఎందుకు ఆపలేదని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు.

"బంద్ చేసుడేంది సారూ? కరెంటు పోతే గదే బందయితది గద."

"కరెంటు ఇప్పుడు పోదు కదా."

"గదే మేము గూడ ఎదురు చూస్తున్నం" అన్నాడు.

నేను స్టార్టర్ డబ్బా తలుపు తెరిచి చూశాను. ప్రతి స్టార్టర్‌కు రెండు బటన్లుంటాయి. పచ్చది నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. పచ్చ బటన్ వేళ్ల రాపిడికి అరిగి, రంగు పోయి, నున్నగా ఉంది. ఎర్ర బటన్ కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది. దాని పక్కన కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. రెండో స్టార్టర్ తెరిచాను, అదే సంగతి. మూడోదానికి ఎర్ర బటన్ మీద కంపెనీవాళ్లు అంటించిన సన్నటి కాగితం కూడా ఊడలేదు. ఆ రోజు సాయంత్రం దాకా తిరిగి ఊళ్లో చాలా స్టార్టర్లు చూశాను. మోటారు మరమ్మతుకు తీయాల్సి వచ్చినా ఫ్యూజు పీకేవారే తప్ప ఎర్ర బటన్ జోలికి పోయినవాడు లేడు.

నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆ ఊళ్లో బోరు మోటార్లు వచ్చిన నాటినుంచి ఎవరూ మోటారు ఆపలేదు. ఆపే పని మాది. ముప్పై ఏళ్లుగా మేం కోత పెడుతూ, తిట్లు తింటూ, వాళ్ల తరఫున ఎర్ర బటన్ నొక్కుతూ వచ్చాం. ఇప్పుడు కోత తీసేసి, మోటారును మొదలుపెట్టే డబ్బాను పీకేసి, శాలువా కప్పుకున్నాం. ఎప్పుడూ ఆగని మోటారుకు మొదలుపెట్టే డబ్బాతో పనేముంది? ఇది ఉత్తర్వు రాసినవాళ్లకు తట్టలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఉన్న నాకూ తట్టలేదు. చాలా సిగ్గుపడ్డాను.

సత్తయ్యను మూర్ఖుడు అనుకోవద్దు. ఎర్ర బటన్ ఎందుకు నొక్కవని గుచ్చి అడిగితే అతను చెప్పిన కారణం ఇది: "ఇయ్యాల ఇస్తున్రు. రేపు ఇస్తరని ఏం నమ్మకం? ఉన్నప్పుడే పారిచ్చుకోవాలె. నేను బంద్ చేస్తే నా నీళ్లు పక్కోని మోటర్ గుంజుకోదా?" మొదటి ప్రశ్నకు మా శాఖ తరఫున నా దగ్గర జవాబు లేదు. రెండో ప్రశ్నకు భూమి తరఫున కూడా లేదు.

సర్పంచ్‌తో చెప్పి బడి వరండాలో మీటింగు పెట్టించాను. భూగర్భ జలం గురించి నల్లబల్ల మీద బొమ్మ వేశాను. అర్థమయ్యేట్టు చెప్పాలని కల్లు కుండను ఉదాహరణగా తీసుకున్నాను. ఒకే కుండ, చుట్టూ పదిమంది, తలా ఒక గొట్టం. అందరూ ఆపకుండా గుంజితే ఏమవుతుంది?

"ముందుగాల గుంజినోడే తెలివిగల్లోడయితడు" అన్నాడు సత్తయ్య.

వరండా అంతా చప్పట్లు కొట్టింది. నా ఉదాహరణ నాకే అడ్డం తిరిగింది. యాదమ్మ ఆడవాళ్ల వైపు నుంచి, "నువ్వు గుంజినంక కుండల మడ్డి ఉంటది, గది గూడ తాగు మరిదీ" అంది. దానికీ చప్పట్లు కొట్టారు. చప్పట్ల మీద ఆ ఊరికి పట్టింపు లేదని తేలింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక ముసలాయన మాత్రం కొట్టలేదు. ఆయన ఎవరని అడిగితే, నీరటి అంజయ్య అని చెప్పారు. చెరువు నిండి ఉన్న రోజుల్లో తూము తెరిచి, మూసి, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూసేవాడే నీరటి. అది ఆ కుటుంబానికి తాతల నాటి పని. చెరువు కింద సేద్యం పోయి అందరూ బోర్లకు మళ్లాక ఆయనకు పని లేకుండా పోయింది.

రెండు రోజుల తరువాత సర్పంచ్, ఇంకో పదిమంది రైతులు కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కింద సంతకాలు, వేలిముద్రలు. ఇలాంటి కాగితాలు నా సర్వీసులో వందలు చూశాను, అన్నీ కరెంటు కావాలని. ఇది మాత్రం కరెంటు తీయమని. పొద్దున పదకొండు నుంచి మూడు దాకా కోత పెట్టాలని వినయపూర్వకంగా ప్రార్థించారు. అందరి బోర్లలోనూ నీరు తగ్గడం మొదలైందట. అలా తీసే అధికారం నాకు లేదన్నాను.

"ఇన్నేండ్లు తీయకుండ్రి తీయకుండ్రి అని మొత్తుకుంటే తీసిండ్రు. ఇయ్యాల తీయుమని కాళ్లు మొక్కితే తీయరా?" అన్నాడు సర్పంచ్. ఆ మాటలో అన్యాయమేమీ లేదు.

ఆ వారం యాదమ్మ తోటకు వెళ్లి చూశాను. పిందెలు గోళీల్లా రాలి చెట్ల కింద పరుచుకుని ఉన్నాయి. ఆమె వాటిని ఊడ్చి కుప్ప పోసింది. ఏడుస్తూ చెప్పి ఉంటే ఏదో ఓదార్పు మాట చెప్పి వచ్చేసేవాణ్ణి. ఆమె లెక్కగా, ఏ చెట్టుకు ఎన్ని రోజులనుంచి నీరు లేదో వరుసగా చూపించుకుంటూ పోయింది. నాకు తట్టుకోవడం కష్టమైంది. సీనియర్లు చెప్పిన సూత్రం ఆ రోజుతో పోయింది.

మా పనిలో ఎల్‌సీ అని ఒకటుంది, లైన్ క్లియర్. లైన్ మీద మనిషి పని చేయాలంటే ముందుగా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అడిగి ఎల్‌సీ తీసుకుంటాడు. ఆపరేటర్ ఆ లైన్‌కు కరెంటు ఆపి, సమయం, కారణం పుస్తకంలో రాస్తాడు. తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేదాకా ఎవరూ కరెంటు వేయకూడదు. ప్రాణాలు కాపాడే పద్ధతి అది, దాన్ని వక్రంగా వాడటం తప్పు. నేను వాడాను. రాములు చేత రోజూ పదకొండు గంటలకు ఎల్‌సీ తీయించి, మూడు గంటలకు తిరిగి ఇప్పించాను. కారణం: "లైన్‌కు అడ్డం వచ్చిన చెట్ల కొమ్మలు తొలగించుట."

పదకొండు రోజులు నడిచింది. మోటార్లకు రోజూ నాలుగు గంటల విశ్రాంతి దొరికేసరికి యాదమ్మ బోరు గాలి మానేసి నీళ్లు పోసింది. పన్నెండో రోజు ఏడీఈ జీపు వచ్చింది. ఆయన పుస్తకం తెప్పించి చూశారట. నన్ను, రాములును వెంటబెట్టుకుని లైన్ కింద ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచారు. ఇరువైపులా వరి. చెట్టన్నది ఒకే ఒక్క తుమ్మచెట్టు, అదీ లైన్‌కు వంద గజాల దూరంలో. పదకొండు రోజులు కొట్టిన చెట్లు ఏవి అని ఆయన అడిగారు. నేను నోరు విప్పేలోపు రాములు, "అన్నీ కొట్టినంక ఇంకేం కనవడ్తయ్ సార్" అన్నాడు.

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నాకు మెమో వచ్చింది. విరమణ ముందు మెమో ఉంటే పింఛను కాగితాలు కదలవు. ఇంట్లో మా ఆవిడ విషయం విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. రాములు చెప్పిన జవాబునే కొంచెం గౌరవంగా రాద్దామా అని ఒక పూట ఆలోచించాను, ఆ సంగతి దాచను. చివరకు ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఎల్‌సీలు ఆగిపోయాయి. మోటార్లు మళ్లీ రాత్రింబవళ్లు మొదలయ్యాయి. యాదమ్మ బోరు నాలుగో రోజుకే గాలి గుంజింది.

ఇక నా వల్ల ఏమీ కాదని చెప్పడానికే ఊరికి వెళ్లాను. పంచాయతీ ముందు అందరూ ఉన్నారు. ఎవరికి వాళ్లే ఎర్ర బటన్ నొక్కుకోవాలని మళ్లీ చెప్పాను. ముందు ఎవరు నొక్కాలి? సత్తయ్య సర్పంచ్‌ను చూశాడు, సర్పంచ్ సత్తయ్యను చూశాడు. పిల్లి మెడలో గంట అక్కడే ఆగింది. అప్పుడు యాదమ్మ లేచింది.

"చెరువు ఉన్నప్పుడు తూముకు ఎవరన్న చెయ్యి పెడ్తుండెనా? నీరటి తీస్తె తీసినట్టు, మూస్తె మూసినట్టు. ఎవలన్న కొట్లాడిన్రా? గా పెద్దమనిషి గీడనే కూసున్నడు. బోర్లకు గూడ ఆయన్నే పెట్టుండ్రి. పచ్చది మనం ఒత్తుకుందం, ఎర్రది ఆయన ఒత్తుతడు."

నేను నవ్వబోయి ఆగాను. ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టని ఏర్పాటు అది. పక్కవాడు గుంజుకుంటాడనే భయం ఒక్కొక్కడికి ఉంది. అందరిదీ ఒకేసారి ఒకే మనిషి ఆపితే ఆ భయానికి చోటులేదు. సత్తయ్య చాలాసేపు మీసం దువ్వి, "అంజన్న ఒత్తితె నాకేం ఫికర్ లేదు" అన్నాడు. అంజయ్య మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. తాను చెప్పిన వేళకు ఎవరూ ఎదురు చెప్పకూడదన్నాడు, పాత పద్ధతిలో పంటకు ఇన్ని గింజలు పెట్టాలన్నాడు, తూము మూసినాక సర్పంచ్ లేడు పటేల్ లేడు అన్నాడు. అన్నిటికీ తలలూపారు.

మా వంతు పని ఒకటి మిగిలింది. ఊళ్లోని ఎర్ర బటన్లలో సగం బిగుసుకుపోయి ఉన్నాయి. రాములు రెండు రోజులు తిరిగి, కందిరీగల చేత కుట్టించుకుని, అన్నీ కదిలేట్టు చేశాడు. ఆపడానికి మరమ్మతు చేయడం తన సర్వీసులో ఇదే మొదలన్నాడు. అంజయ్యకు షాకు కొట్టకుండా రబ్బరు గ్లౌజులు ఇచ్చాను. ఆయన బటన్లు ఎండిన వెదురు కర్రతో నొక్కేవాడు. గ్లౌజులు పెండ్లిళ్లకు వేసుకుపోయాడని తరువాత తెలిసింది.

మొదటి రోజు పదకొండు గంటలకు ఆయన సర్పంచ్ మోటారుతో మొదలుపెట్టాడు. మడి ఇంకా నిండలేదని సర్పంచ్ మొత్తుకున్నాడు. అంజయ్య వినలేదు. సత్తయ్య మొదటి రెండు మోటార్లు ఆపినప్పుడు ఊరుకుని, మూడోది ఆయన వెళ్లాక మళ్లీ వేశాడు. అంజయ్య తిరిగొచ్చి, ఆపి, ఆ స్టార్టర్ ముందే తువ్వాల పరుచుకుని సద్ది విప్పాడు. మూడింటిదాకా కదలలేదు. సత్తయ్య చూసి చూసి ఉల్లిగడ్డ తెచ్చి ఇచ్చాడు. అంజయ్య అలా తిరిగి రాకముందే యాదమ్మ మోటారు వంతు కూడా వచ్చింది. తనది తోట అని, ఇన్నాళ్లు నీళ్లు లేక ఎండిందని, ఈ ఏర్పాటు చెప్పిందే తానని ఆమె అడ్డం నిలబడింది.

"చెప్పినవు గనుకనే" అని అంజయ్య ఆమెది కూడా ఒత్తాడు. సారూ చూసిన్రా అని ఆమె నాతో ఫిర్యాదు చేసింది. చూశానన్నాను.

ఏప్రిల్‌లో ఏడీఈ మళ్లీ వచ్చారు. ఆ లైన్ మీద రోజూ పదకొండు గంటలకు వాడకం పడిపోతున్నట్టు సబ్‌స్టేషన్ పుస్తకం చెబుతోంది. నేను మళ్లీ దొంగతనంగా కరెంటు తీస్తున్నానని ఆయన అనుమానం. పన్నెండు గంటలకు నన్ను వెంటబెట్టుకుని నేరుగా పొలంలోకి దిగారు. నేను ఎంత చెప్పినా వినకుండా ఒక స్టార్టర్ తెరిచి, కరెంటు ఉందో లేదో చూద్దామని పచ్చ బటన్ నొక్కారు. మోటారు భేషుగ్గా మొదలైంది. ఆయన ఆశ్చర్యపడేలోగా గట్టు మీదనుంచి కర్ర ఎత్తుకుని అంజయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలయ్య నువ్వు? ఎవల్నడిగి ఏసినవ్? తూము మూసినంక చెయ్యి పెడ్తవా?"

ఆ కేకకు ఏడీఈ గారు రెండడుగులు వెనక్కి వేసి మడిలో కాలు పెట్టారు. అంజయ్య ఎర్ర బటన్ ఒత్తి, ఇంకోసారి ఇలా చేస్తే పంచాయతీలో పెట్టిస్తానని చెప్పి పోయాడు. బురద కాలు కడుక్కుంటూ, ఈయన మన శాఖలో ఏ హోదా అని ఏడీఈ అడిగారు. నీరటి అని చెప్పాను. మనకంటే పైనా, కిందా అన్నారు. ఇప్పుడే చూశారు కదా అన్నాను. ఆయన నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. నా మెమో మీద "మందలించడమైనది" అని రాసి మూసేశారు.

అంతా చక్కబడిందని రాయను. ఆ ఎండాకాలం ఊరి చివరనున్న రెండు బోర్లు ఎండిపోయాయి. యాదమ్మ తోటలో కాపు సగమే నిలిచింది, నాలుగు చెట్లు చచ్చిపోయాయి. మిగిలినవి బతికాయి. పక్క ఊరివాళ్లు తమకూ ఒక నీరటి కావాలని మా ఆఫీసుకు అర్జీ పెట్టారు. అలాంటి పోస్టు మాకు మంజూరు కాలేదని జవాబు రాశాను.

ఆగస్టు ఆఖరున, నా విరమణకు రెండు రోజుల ముందు, అంజయ్య ఆఫీసుకు వచ్చాడు. భుజాన యాదమ్మ పంపిన బత్తాయిల సంచి. మధ్యాహ్నం, సిబ్బంది అంతా భోజనాలకు వెళ్లారు. ఖాళీ హాల్లో నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పట్టపగలు ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆయన సంచి దించి, అటూ ఇటూ చూసి, కర్రతో ఒక్కొక్క స్విచ్ ఒత్తుకుంటూ నా గది దాకా వచ్చాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు.

"సారూ, గీ దఫ్తర్ల నీరటి లేడా?"

నేను లేచి హాల్లోకి వెళ్లి స్విచ్చులబోర్డు చూశాను. మా బోర్డుకు ఎర్ర బటన్లు లేవు, ఉంటే అవీ మెరుస్తూనే ఉండేవి. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో కరెంటు ఇవ్వడం ఎట్లాగో నేర్చుకున్నాను. ఆపే బటన్ మిషన్‌తోపాటే వస్తుందని, దాన్ని నొక్కే మనిషిని మాత్రం నలుగురూ కలిసి పెట్టుకోవాలని ఆ ఊరివాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

అంజయ్య వెళ్తూ వెళ్తూ నా గది ఫ్యాను కూడా బంద్ చేసి వెళ్లాడు. నేనింకా హాల్లోనే ఉన్నాను కాబట్టి ఆయన లెక్కలో అది ఖాళీ గదే. తిరిగొచ్చి కూర్చుంటే విపరీతంగా ఉక్కపోసింది. స్విచ్ దాకా చెయ్యి పోనిచ్చి, కిటికీలోంచి చూసి వెనక్కి తీసుకున్నాను. ఆయన బస్సు కోసం హైవే మీద నిలబడి మా ఆఫీసు వైపే చూస్తున్నాడు.